ఫుట్‌బాల్ మేనేజర్లకి ఉన్న పేరు నిజమా, గాలివాటమా? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి సీజన్‌లో ఎవరో ఒక మేనేజర్‌ని పీకేసిన రోజు ఈ గొడవ మొదలవుతుంది, ఫలానా ఆయన అసలు అంత గొప్పోడేనా లేక మనమే నెత్తిన పెట్టుకున్నామా అని. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. తీర్పులు నావి, నచ్చకపోతే తిట్టుకోండి. నేను ఏ క్లబ్ ఫ్యాన్‌నో మాత్రం చెప్పను, చెబితే సగంమంది ఇక్కడే ఆపేస్తారు.

కప్పులు లెక్కపెట్టేస్తే అయిపోదా? ఎక్కువ గెలిచినోడే గొప్పోడు కదా?

అయిపోదు. రొబెర్టో డి మాటెయో గుర్తున్నాడా? 2012లో చెల్సీకి మొట్టమొదటి ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల్లో అన్నిటికన్నా పెద్ద కప్పు) తెచ్చిపెట్టాడు, అదీ మ్యూనిక్‌లో, బయర్న్ వాళ్ల సొంత గ్రౌండ్‌లో, పెనాల్టీల మీద. అదే ఏడాది నవంబర్‌కల్లా ఉద్యోగం ఊడింది. తర్వాత షాల్కె, ఆస్టన్ విల్లా అంటూ తిరిగాడు గానీ ఆ మెరుపు మళ్లీ రాలేదు. అటు చూస్తే ఆర్సెన్ వెంగర్, 2003-04లో ఆర్సెనల్‌తో లీగ్ మొత్తం ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచిన మనిషి, ఆయనకి ఛాంపియన్స్ లీగ్ ఎప్పుడూ దక్కలేదు. కప్పే కొలత అయితే డి మాటెయో ఆ విషయంలో వెంగర్ కన్నా పెద్దోడు అయిపోవాలి. ఆ మాట డి మాటెయో కూడా ఒప్పుకోడు.

ఇంకా తాజాది కావాలంటే 2025లో టోటెన్‌హామ్. ఆంజ్ పోస్టెకొగ్లూ లీగ్‌లో 38 మ్యాచ్‌లాడి 22 ఓడిపోయి 17వ స్థానంలో తేలాడు, అదే సీజన్‌లో యూరోపా లీగ్ గెలిచి ఆ క్లబ్‌కి 17 ఏళ్ల తర్వాత ఒక కప్పు చూపించాడు, చూపించిన కొద్ది రోజులకే తీసేశారు. ఇప్పుడు ఆయన మంచి మేనేజరా కాదా? ఒక్క సీజన్‌లోంచే రెండు జవాబులూ తీయొచ్చు, అదీ కప్పుల లెక్కతో వచ్చే తంటా.

మరి దేన్ని చూడాలి?

నేను చూసేవి మూడు. వచ్చేటప్పటికి టీమ్ ఏ స్థితిలో ఉంది, చేతిలో డబ్బెంత, వెళ్లిపోయాక ఏం మిగిలింది. మ్యాచ్ అయ్యాక ప్రెస్ మీట్‌లో ఏం మాట్లాడాడు, టచ్‌లైన్ దగ్గర ఎంత ఎగిరాడు, సూట్ వేశాడా ట్రాక్‌సూట్ వేశాడా, ఇవేవీ లెక్కలోకి రావు. కానీ జనానికి గుర్తుండేవి అవే.

అసలు నాకు అనిపించేది ఏంటంటే, పెద్ద మేనేజర్ల పేరు చాలావరకు అబద్ధం కాదు, ఆ పేరు వెనక మనం చెప్పుకునే కారణమే తప్పు. ఫెర్గూసన్ అనగానే డ్రెస్సింగ్ రూమ్‌లో అరుపులు, అన్చెలోట్టి అనగానే కనుబొమ్మ, క్లాప్ అనగానే కౌగిలింతలు. వీళ్లు గెలిచింది వీటి వల్ల కాదు. కారణం తప్పు పట్టుకుంటాం కాబట్టే వాళ్లు ఓడినప్పుడు అంతా మోసం అని తిట్టేస్తాం. కింద ఒక్కొక్కరి గురించి ఇదే చెప్పబోతున్నా.

డబ్బుంటే ఎవరైనా గెలుస్తారు. ఇందులో మేనేజర్ గొప్పేముంది?

సగం నిజం. పదేళ్ల లెక్క తీసి చూస్తే ప్లేయర్ల జీతాల్లో ఏ క్లబ్ ఎక్కడుందో టేబుల్‌లో కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది, ఈ విషయం మీద ఎకనామిస్టులు చాలా పని చేశారు. పెళ్లికి వంట మాస్టర్‌ని మెచ్చుకునే ముందు సరుకులు ఎవరు కొన్నారో అడగాలి కదా, అలాగన్నమాట. కాబట్టి ఎక్కువ జీతాలిచ్చే క్లబ్‌తో మొదటి మూడింట్లో ఉండటం ఆ ఉద్యోగానికి కనీస అర్హత, అంతే.

మేనేజర్ విలువ కనిపించేది ఆ గీత దాటినప్పుడు. 2013-14లో సిమియోనె స్పెయిన్‌లో అట్లెటికో మాడ్రిడ్‌తో 90 పాయింట్లు తెచ్చి లీగ్ కొట్టాడు, బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ రెండూ 87 దగ్గర ఆగిపోయాయి. ఆ రెండు క్లబ్బుల ఆదాయం ముందు అట్లెటికో ఎంత చెప్పండి. పైగా ఆ చివరి మ్యాచ్ బార్సిలోనా సొంత గ్రౌండ్ క్యాంప్ నౌలో, బార్సిలోనా గెలిస్తే టైటిల్ వాళ్లదే, అలాంటి చోట వెనకబడి కూడా 1-1 డ్రా చేసుకుని పట్టుకుపోయారు. ఆయన ఆట చూడ్డానికి బోర్ అనేవాళ్లుంటారు, నిజమే, కొన్ని మ్యాచ్‌లు నేనూ సగంలో ఆపేశా. అయినా ఆ ఒక్క సీజన్‌కి ఆయనకి ఎంత పేరొచ్చినా తక్కువే.

అయితే గార్డియోలా సంగతేంటి? ఎప్పుడూ కోట్ల టీమ్‌లే కదా ఆయనకి?

ఈ ప్రశ్న లేకుండా ఏ చర్చా ముగియదు. అవును, బార్సిలోనా, బయర్న్, మాంచెస్టర్ సిటీ, మూడూ డబ్బున్నవే. కానీ 2008లో ఆయనకి బార్సిలోనా ఇచ్చేటప్పటికి ఆ టీమ్ లీగ్‌లో మూడో స్థానం, రియల్ మాడ్రిడ్ కన్నా 18 పాయింట్లు వెనక. ఈయనకున్న అనుభవం ఏంటయ్యా అంటే బి టీమ్‌తో ఒక్క ఏడాది. రాగానే రొనాల్డినో, డెకో ఇద్దర్నీ పంపించేశాడు, బి టీమ్ నుంచి బుస్కెట్స్, పెడ్రోలని పైకి తెచ్చాడు, మొదటి సీజన్‌లోనే మూడు పెద్ద కప్పులూ కొట్టాడు.

ఒక్క మ్యాచ్ చూపించమంటే 2009 మే 2, రియల్ మాడ్రిడ్ గ్రౌండ్ బెర్నబ్యూలో జరిగింది చూపిస్తా. మెస్సీ అప్పటిదాకా కుడివైపు ఆడేవాడు. ఆ రోజు మెస్సీని మధ్యలోకి తెచ్చి, సెంటర్ ఫార్వర్డ్ ఉండాల్సిన చోటు నుంచి కాస్త వెనక్కి దిగమన్నాడు, స్ట్రైకర్ శామ్యుయెల్ ఎటో ఏమో పక్కకి జరిగాడు. మాడ్రిడ్ సెంటర్ బ్యాక్‌లు ఇద్దరికీ ఏం చేయాలో తెలీదు, మెస్సీ వెనక పరిగెడితే వీపు వెనకంతా ఖాళీ, పరిగెట్టకపోతే మెస్సీకి మిడ్‌ఫీల్డ్‌లో అడ్డే లేదు. స్కోరు 6-2. మెస్సీ ఉంటే ఎవరైనా గెలుస్తారంటారు, సరే, మెస్సీ అంతకుముందు సీజన్ కూడా ఉన్నాడు కదా.

ఇక మైనస్‌లు. బయర్న్‌లో మూడేళ్లూ ఛాంపియన్స్ లీగ్ సెమీస్‌లోనే ఆగిపోయాడు. 2021 ఫైనల్‌లో రోడ్రి, ఫెర్నాండినో ఇద్దర్నీ బెంచ్ మీద కూర్చోబెట్టి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ లేకుండా దిగి చెల్సీ చేతిలో 1-0 ఓడాడు, దీన్ని మాత్రం ఏ ఫ్యానూ సమర్థించలేడు. సిటీ మీద 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్ వందకి పైగా ఆరోపణలు పెట్టింది, క్లబ్ అవన్నీ కాదంటోంది. అది క్లబ్ లెక్కల గొడవ, ట్రైనింగ్ గ్రౌండ్‌లో జరిగిన పని వేరు, కానీ ఆ డబ్బుతో వచ్చిన ప్లేయర్లే కదా అంటే నా దగ్గరా జవాబు లేదు.

ఆయన పేరుకి అసలు కారణం టికీ టాకా, అంటే చిన్న చిన్న పాస్‌లతో ఆడే ఆట అంటారు చూడండి, అదీ తప్పే. 100 పాయింట్లు కొట్టిన 2017-18 టీమ్ ఒకలా ఆడింది, మూడు కప్పులు కొట్టిన 2022-23 టీమ్ ఇంకోలా, నలుగురు సెంటర్ బ్యాక్‌లు వెనక, వాళ్లలో స్టోన్స్ మిడ్‌ఫీల్డ్‌లోకి వచ్చేస్తాడు, ముందు హాలాండ్ లాంటి అసలు సిసలు స్ట్రైకర్. గెలిచిన టీమ్‌నే విప్పి మళ్లీ కట్టడం ఆయన విద్య. 2024 సెప్టెంబర్‌లో రోడ్రి మోకాలు పోయాక ఆ సీజన్‌లో టీమ్ ఎలా కుదేలైందో చూశాం, అంటే ఒక్క మనిషి మీద ఎంత ఆధారపడ్డాడో కూడా తెలిసింది.

ఫెర్గూసన్‌కి ఇచ్చినంత టైమ్ ఇప్పుడు ఎవరికైనా ఇస్తే వాళ్లూ ఫెర్గూసన్ అవుతారా?

ఎవరైనా అవరు. ఈ కథని అందరూ వాడుకుంటారు, తమ మేనేజర్ ఓడుతున్న ప్రతిసారీ "ఫెర్గూసన్‌కి కూడా మొదట్లో ఇలాగే" అని. 1986 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చాడు, 11, 2, 11, 13, ఇవీ మొదటి నాలుగు సీజన్లలో యునైటెడ్ స్థానాలు. 1990 జనవరిలో ఎఫ్ఏ కప్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద మార్క్ రాబిన్స్ అనే కుర్రాడు గోల్ కొట్టి గెలిపించాడు, ఆ గోలే ఉద్యోగం కాపాడిందని ఒక కథ నడుస్తూ ఉంటుంది, అప్పటి ఛైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్ మాత్రం తీసేసే ఆలోచన లేదనే చెప్పాడు.

అందరూ మర్చిపోయేది ఏంటంటే ఆయన యునైటెడ్‌కి ఖాళీ చేతులతో రాలేదు. అబర్డీన్ అనే క్లబ్‌తో 1980, 84, 85ల్లో స్కాటిష్ లీగ్ గెలిచి, 1983లో గోథెన్‌బర్గ్‌లో రియల్ మాడ్రిడ్‌ని 2-1తో ఓడించి యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ తెచ్చాడు. 1985 తర్వాత 2025 దాకా నలభై సీజన్లు సెల్టిక్, రేంజర్స్ తప్ప ఇంకో క్లబ్ స్కాట్లాండ్ లీగ్ గెలవలేదు. నన్నడిగితే ఆయన 13 ప్రీమియర్ లీగ్‌ల కన్నా ఈ ఒక్క లైన్ బరువైంది. అంత పని చేసి చూపించినవాడికి టైమ్ ఇవ్వడం వేరు, ఏమీ చూపించనివాడికి ఇవ్వడం వేరు.

ఇక అరుపుల సంగతి. అరిచే మేనేజర్లు ఆ కాలంలో కొల్లలు. ఈయన చేసింది ఇంకోటి. 1995 వేసవిలో ఇన్స్, హ్యూస్, కాంచెల్‌స్కిస్ ముగ్గుర్నీ అమ్మేసి కుర్రాళ్లని దించాడు, మొదటి మ్యాచ్‌లో విల్లా చేతిలో 3-1 ఓడిపోతే టీవీలో వెక్కిరించారు, ఆ సీజన్ చివరికి లీగూ కప్పూ రెండూ ఆ కుర్రాళ్లవే. అసిస్టెంట్లని కూడా మార్చుకుంటూ పోయాడు, కిడ్, మెక్‌లారెన్, కీరోష్, ఒక్కొక్కరి నుంచి కొత్త ఆట తీసుకున్నాడు. మనిషి మారడు గానీ పద్ధతి మార్చేస్తాడు, 26 ఏళ్లు నిలబడింది అందుకు.

ఆయన వెళ్లగానే యునైటెడ్ మునిగిపోయింది. అది ఆయన గొప్పా, తప్పా?

రెండూ. 2012-13లో 89 పాయింట్లతో, రెండో టీమ్ కన్నా 11 ఎక్కువతో లీగ్ గెలిచి వెళ్లాడు. తర్వాతి ఏడాది మోయెస్‌తో మొదలెట్టి 64 పాయింట్లు, ఏడో స్థానం. దాదాపు అదే ప్లేయర్లతో 25 పాయింట్ల తేడా అంటే మేనేజర్ విలువ ఎంతో ఇంతకన్నా చక్కగా ఎవరు చూపిస్తారు. కానీ అదే టీమ్‌లో గిగ్స్‌కి 39, స్కోల్స్ రిటైర్ అయిపోయాడు, ఫెర్డినాండ్, ఎవ్రా, విడిచ్ అందరూ ముప్పై దాటినోళ్లు, క్లబ్ నడిపించిన డేవిడ్ గిల్ కూడా అదే వేసవిలో దిగిపోయాడు. ఇల్లు కడిగి ఇవ్వాల్సింది, కడగలేదు. మోయెస్‌ని ఆయనే ఎంచుకున్నాడన్న సంగతి కూడా మర్చిపోకూడదు. అందుకే వెళ్లాక ఏం మిగిలిందనే పరీక్షలో ఫెర్గూసన్‌కి నేను ఫుల్ మార్కులు వేయను.

మొరీన్యో అయిపోయాడా? అసలు ఎప్పుడైనా గొప్పోడేనా?

గొప్పోడే, అందులో డౌటే వద్దు. 2004లో పోర్టోతో ఛాంపియన్స్ లీగ్, మళ్లీ అలాంటి టీమ్ ఆ కప్పు గెలవలేదు. చెల్సీలో మొదటి సీజన్ 95 పాయింట్లు, లీగ్ మొత్తంలో ఇచ్చిన గోల్స్ 15. పదిహేను! నేను ఎన్నిసార్లు చూసినా నమ్మబుద్ధి కాదు. అయితే చెక్, రాబెన్‌లతో డీల్స్ ఆయన రాకముందే అయిపోయాయి, అంతకుముందు ఏడాది రనియేరి అదే చెల్సీని రెండో స్థానానికి తెచ్చాడు, ఇది కూడా చెప్పుకోవాలి.

డిఫెన్స్ తప్ప ఏం రాదంటారు, 2011-12లో ఆయన రియల్ మాడ్రిడ్ 100 పాయింట్లు, 121 గోల్స్. ఆ పేరు రావడానికి కారణం ఎక్కువగా 2010లో ఆయన ఇంటర్ మిలాన్ టీమ్ ఆడిన ఒక్క రాత్రి, క్యాంప్ నౌలో మోట్టా 28వ నిమిషంలో రెడ్ కార్డ్ తిన్నాక పదిమందితో గంటకి పైగా నిలబడ్డారు, ఎటో లాంటి స్ట్రైకర్ ఫుల్ బ్యాక్‌లా కిందికి దిగి టాకిల్స్ చేశాడు. అవును అదే ఎటో, ఏడాది కిందట బార్సిలోనాలో ఉన్నవాడు. ఒక స్టార్ స్ట్రైకర్ చేత ఆ పని చేయించడమే మొరీన్యో అసలు పేరు. ప్లేయర్ ఆయన కోసం గోడలోంచైనా దూరేవాడు.

అక్కడే దెబ్బతిన్నాడు కూడా. ఆ పిచ్చి రెండేళ్లు ఉంటుంది, మూడో ఏడు మనిషి అలిసిపోతాడు. 2015 మేలో లీగ్ గెలిచిన చెల్సీ అదే డిసెంబర్‌కి 16వ స్థానంలో ఉంది, ఆయన బయట ఉన్నాడు. యునైటెడ్‌లో కూడా మూడో సీజన్ డిసెంబరే. ఈలోగా ఆట కూడా మారింది, పైనుంచే ప్రెస్ చేసే, అంటే అవతలివాళ్ల గోల్ దగ్గరే మీదపడి బంతి లాక్కునే టీమ్‌లు వచ్చాయి, ఈయన మారలేదు. 2022లో రోమాకి కాన్ఫరెన్స్ లీగ్ తెచ్చినప్పుడు ఆ ఊరు ఊరంతా రోడ్డెక్కింది, దాన్ని చిన్నకప్పు అని తీసిపారేసేవాళ్లు ఒకసారి రోమావాళ్లని అడగండి.

అన్చెలోట్టి ఏమీ చేయడు, నిలబడి చూస్తాడంతే అంటారు. నిజమా?

ఏమీ చేయనివాడు ఐదు ఛాంపియన్స్ లీగ్‌లు గెలవడు. 2003, 2007, 2014, 2022, 2024. ఐదు పెద్ద దేశాల లీగ్‌లూ గెలిచిన మేనేజర్ ఈయనొక్కడే. కానీ ఇంకో వైపు కూడా చూడాలి, మిలాన్‌లో ఎనిమిదేళ్లుండి లీగ్ గెలిచింది ఒక్కసారి. పీఎస్‌జీకి 2011-12 సీజన్ మధ్యలో వస్తే ఆ సీజన్ లీగ్ మోంపెలియే ఎగరేసుకుపోయింది. ఎవర్టన్‌లో 12, 10 స్థానాలు. అంటే మామూలు టీమ్ చేతికిస్తే మామూలు మేనేజరే. ఇది తిట్టు కాదు, ఆయన విద్య వేరే చోట ఉంది.

2022 మే 4, సిటీతో సెమీస్ రెండో లెగ్ (రెండు మ్యాచ్‌లు కలిపి తేల్చే పోటీలో రెండోది). మాడ్రిడ్ వెనకబడి ఉంది, పోయే మ్యాచ్. ఆయన చేసింది ఏంటో తెలుసా, క్రూస్, కాసెమీరో, మోడ్రిచ్, ముగ్గురికి ముగ్గుర్నీ బయటికి తీసేశాడు, ఆ మిడ్‌ఫీల్డ్ అప్పటికే మూడు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచిన మిడ్‌ఫీల్డ్. క్రూస్ స్థానంలో వచ్చిన రోడ్రిగో 90వ, 91వ నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టాడు. ఆ ముగ్గురూ బెంచ్ దగ్గర మొహం మాడ్చుకుని కూర్చోలేదు, గంతులేస్తూ ఉన్నారు. స్టార్‌ని తీసేసినా స్టార్ అలగకుండా చూసుకోవడం, అది ఎంతమందికి వస్తుంది? తర్వాత బెంజెమా వెళ్లిపోతే స్ట్రైకర్ కోసం ఏడవకుండా బెల్లింగ్‌హామ్‌ని ముందుకి జరిపాడు, లీగ్‌లో 19 గోల్స్. ఉన్నవాళ్లని బట్టి ఆట కుట్టుకుంటాడు. అందుకే ఆయన పేరు మీద ఒక స్టైల్ లేదు, స్టైల్ లేనివాడిని మేధావి అనడానికి మనకి నోరు రాదు.

లివర్‌పూల్‌లో క్లాప్ వెళ్లాక స్లాట్ వచ్చి మొదటి ఏడాదే లీగ్ గెలిచాడు. అంటే క్లాప్ పేరు గాలిబుడగా?

ఉల్టా. స్లాట్ 2024-25లో లీగ్ గెలిచింది దాదాపు క్లాప్ వదిలివెళ్లిన టీమ్‌తోనే, ఆ వేసవిలో కొని ఆడించిన కొత్త ప్లేయర్ కియేజా ఒక్కడు, వాడు కూడా ఎక్కువగా బెంచ్ మీదే. ఇందాక ఫెర్గూసన్‌కి మార్కులు కోశాం కదా, ఇక్కడ క్లాప్‌కి కలపాలి. స్లాట్‌కి కూడా ఇవ్వాలి, ముట్టుకుంటే పాడవుతుందని తెలిసి కొద్దిగానే ముట్టుకున్నాడు, అదీ తెలివే. తర్వాతి వేసవిలో క్లబ్ భారీగా ఖర్చు పెట్టి టీమ్ మార్చింది, ఆ సీజన్ మొదటి సగంలో వరసపెట్టి ఓడారు. కాకపోతే ఆ జులైలో వాళ్ల ప్లేయర్ డియోగో జోటా చనిపోయాడు, అలాంటి డ్రెస్సింగ్ రూమ్‌ని పాయింట్లతో కొలవడం నాకు మనసొప్పదు.

క్లాప్ మీద ఇంకో ముక్క. డార్ట్‌మండ్‌తో 2011, 2012 లీగ్‌లు గెలిచినవాడు 2015 ఫిబ్రవరిలో టేబుల్ అట్టడుగున ఉన్నాడు. అందరూ అయిపోయాడన్నారు. లివర్‌పూల్ డేటా వాళ్లు మాత్రం ఆ సీజన్ లెక్కలు తీసి చూస్తే టీమ్ ఛాన్స్‌లు బాగానే సృష్టిస్తోంది, గోల్స్ పడటం లేదంతే అని తేలింది. ఆ అక్టోబర్‌లో లివర్‌పూల్ ఆయన్ని తెచ్చుకుంది. అలాగే సలా విషయంలో క్లాప్ మొదట జూలియన్ బ్రాంట్‌ని కోరుకున్నాడు, సలా కోసం పట్టుబట్టింది ట్రాన్స్‌ఫర్లు చూసేవాళ్లు. క్లాప్ వాళ్ల మాట విన్నాడు. కౌగిలింతల కన్నా ఈ వినడం గొప్ప గుణం, ఎందుకంటే ఆ స్థాయికి వెళ్లాక ఎవరి మాటా వినని మేనేజర్లే ఎక్కువ.

లక్ ఎంతుంటుంది?

మీరు అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. 2019 జనవరి 3, సిటీ, లివర్‌పూల్ మ్యాచ్, బంతి సిటీ గోల్ గీత దాటబోతుంటే స్టోన్స్ కాలితో తన్నేశాడు, సెంటీమీటర్ పైచిలుకు మిగిలింది, అంతే. సిటీ 2-1తో గెలిచింది. సీజన్ చివర సిటీకి 98, లివర్‌పూల్‌కి 97, క్లాప్ టీమ్ ఏడాది మొత్తంలో ఓడిన ఒకే ఒక్క లీగ్ మ్యాచ్ అదే. మొరీన్యో పోర్టో కథలో కూడా 2004లో ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో యునైటెడ్ ప్లేయర్ స్కోల్స్ కొట్టిన మంచి గోల్‌ని ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు, చివరి నిమిషంలో కొస్తిన్యా గోల్‌తో పోర్టో బయటపడింది. అప్పుడు వీఏఆర్ (వీడియో చూసి నిర్ణయించే రిఫరీ) ఉంటే మొరీన్యోకి చెల్సీ ఉద్యోగం వచ్చేదా? 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకి విమానాలు ఆగిపోయి బార్సిలోనా బస్సులో మిలాన్ వెళ్లింది, మొరీన్యో ఇంటర్ చేతిలో మొదటి లెగ్ 3-1 ఓడింది.

కాబట్టి ఒక్క కప్పు మీద పేరు కట్టకూడదు, ఒక్క ఓటమి మీద కూల్చకూడదు కూడా.

కొత్త మేనేజర్ రాగానే టీమ్ గెలవడం మొదలెడుతుంది. పాతోడు పనికిరానోడనే కదా?

కాదు. తీసేసేది ఎప్పుడు, వరసగా ఐదారు ఓడాక. అంత దరిద్రం ఎలాగూ ఎక్కువ రోజులు ఉండదు, మేనేజర్‌ని మార్చినా మార్చకపోయినా మామూలుకి వస్తుంది. నెదర్లాండ్స్ లీగ్ మీద చేసిన ఒక స్టడీలో అదే తేలింది, తీసేసిన క్లబ్బులూ అదే పరిస్థితిలో ఉండి తీసేయని క్లబ్బులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. నష్టపరిహారం కింద కట్టిన కోట్లే మిగిలిన తేడా.

ఎక్స్‌జీ చూస్తే మేనేజర్ సంగతి తేలిపోతుందా?

కొంతవరకు. ఒక షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంతో చెప్పే లెక్క అది, టీమ్ ఆట బాగుందా లేక గోల్‌కీపర్ దయతో నెట్టుకొస్తున్నారా అన్నది పది పదిహేను మ్యాచ్‌ల్లో చూపిస్తుంది. ఆ ఆట మేనేజర్ వల్ల వచ్చిందా ప్లేయర్ల వల్లా అంటే చెప్పలేదు. ఒక్క మ్యాచ్ ఎక్స్‌జీ స్క్రీన్‌షాట్ పెట్టి వాదించేవాళ్లతో మాత్రం దయచేసి వాదించకండి.

గ్రాహమ్ పాటర్ బ్రైటన్‌లో అంత బాగా చేసి చెల్సీలో ఎందుకలా అయ్యాడు?

ఎందుకంటే బ్రైటన్‌లో గెలిపించింది ఆయనొక్కడే కాదు. 2022 సెప్టెంబర్‌లో ఆయన వెళ్లిపోయాడు, దె జెర్బి వచ్చాడు, ఆ సీజన్ బ్రైటన్ ఆరో స్థానం, మొదటిసారి యూరప్‌కి. చెల్సీ 12వ స్థానం, పాటర్ ఏప్రిల్‌కే ఇంటికి. దె జెర్బి కూడా వెళ్లాడు, 31 ఏళ్ల హుర్జెలర్‌ని తెచ్చారు, ఎనిమిదో స్థానం. ఓనర్ టోనీ బ్లూమ్ డేటాతో ప్లేయర్లనీ మేనేజర్లనీ వెతికే పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు, అసలు బుర్ర అక్కడుంది. పాటర్ చెడ్డ మేనేజర్ అని కాదు, చెల్సీ ఆ ఏడాది ఎంతమందిని కొన్నదో వాళ్లకే గుర్తుండి ఉండదు. అయినా మంచి క్లబ్ నుంచి వచ్చే మేనేజర్‌ని చూసినప్పుడు ఎంత ఆయనదో ఎంత క్లబ్‌దో విడదీయాల్సిందే.

కప్పులు లేకుండా వచ్చిన పేరుని నమ్మొచ్చా? బీల్సా లాంటివాళ్లు?

నమ్మొచ్చు. యూరప్‌లో ఆయన పెద్ద కప్పేమీ గెలవలేదు, కానీ గార్డియోలా కోచింగ్‌లోకి దిగేముందు అర్జెంటీనా వెళ్లి ఆయనతో గంటలకొద్దీ కూర్చున్నాడు, పొచెట్టీనో ఆయన దగ్గర ఆడినవాడే. లీడ్స్‌ని 16 ఏళ్ల తర్వాత మళ్లీ ప్రీమియర్ లీగ్‌లోకి తెచ్చాడు. అయితే ఆయన టీమ్‌లు సీజన్ చివరికొచ్చేసరికి పరిగెత్తలేక పడిపోవడం కూడా అందరం చూశాం. గురువుగా ఫుల్ మార్కులు, మేనేజర్‌గా డెబ్బై.

మన హైదరాబాద్ నుంచి ఈ లిస్టులో పెట్టదగ్గవాళ్లు ఉన్నారా?

ఉన్నారు, సయ్యద్ అబ్దుల్ రహీమ్. పైన చెప్పిన కొలతలన్నీ పెట్టి చూసినా నిలబడే పేరు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌తో 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు. ఇండియా కోచ్‌గా 1951 ఏషియన్ గేమ్స్ గోల్డ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీస్ దాకా వెళ్లి నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ గోల్డ్. మధ్యలో 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1 తిన్నారు, ఈ రోజుల్లో అయితే ఆ స్కోరుకి ఎయిర్‌పోర్ట్‌లోనే రాజీనామా అడుగుతారు.

జకార్తాలో మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలింది, కుట్లు పడ్డాయి. హెడర్లు ఆడాల్సిన డిఫెన్స్‌లో కుట్లతో పెట్టలేడు కాబట్టి రహీమ్ సాబ్ అతన్ని ఫార్వర్డ్‌గా దించాడు, జర్నైల్ సెమీస్‌లో ఒకటి, ఫైనల్‌లో ఒకటి కొట్టాడు, అదే కొరియాని ఫైనల్‌లో 2-1తో ఓడించారు. అప్పటికే ఆయనకి క్యాన్సర్, 1963లో పోయారు. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి వచ్చింది 1970 కాంస్యం ఒక్కటే. కోచ్ వెళ్లాక ఏం మిగిలిందంటే ఇదీ, కానీ ఆ తప్పు ఆయనది ఎలా అవుతుంది, ఆయన తర్వాత ఫుట్‌బాల్‌ని పట్టించుకోనివాళ్లది. మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరామ్ కూడా ఆ టీమ్‌వాడే, ఎంతమందికి తెలుసో మరి.

ఈ మధ్య కాలంలో అయితే మనోలో మార్కెజ్. అట్టడుగున ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీని 2020లో తీసుకున్నాడు, 2022 మార్చిలో ఐఎస్ఎల్ గెలిపించాడు. ఆయన వెళ్లాక క్లబ్ దగ్గర జీతాలకే డబ్బుల్లేక 2023-24లో ఒక్క మ్యాచ్ గెలిచి మళ్లీ అట్టడుగు. అక్కడిదాకా చూస్తే దేవుడు. ఇండియా టీమ్‌కి వచ్చి ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటి గెలిచాడు. రోజూ ట్రైనింగ్ ఇచ్చి కుర్రాళ్లని తయారుచేసే మనిషికి ఏడాదికి నాలుగుసార్లు కలిసే టీమ్ ఇస్తే ఏం చేస్తాడు. ఆయన పేరు తప్పు కాదు, ఆ పేరు చూసి మనవాళ్లు ఇచ్చిన పని తప్పు.

అనుమానమే అక్కర్లేని పేరు ఒకటి చెప్పమంటే?

బ్రయన్ క్లఫ్. 1975 జనవరిలో రెండో డివిజన్‌లో మధ్యలో కొట్టుకుంటున్న నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి వచ్చాడు. 1977లో పైకి, 1978లో లీగ్ ఛాంపియన్, 1979, 1980ల్లో యూరోపియన్ కప్పు (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) రెండుసార్లు. అంతకుముందు డెర్బీతోనూ లీగ్ గెలిచాడు. మధ్యలో లీడ్స్ లాంటి ఛాంపియన్ టీమ్ ఇస్తే మాత్రం 44 రోజుల్లో గెంటేశారు. అసిస్టెంట్ పీటర్ టేలర్ లేకుండా క్లఫ్ మళ్లీ లీగ్ గెలవలేదు, కాబట్టి ఆ పేరులో సగం టేలర్‌కి రాయాలి, ఎవరూ రాయరు.

మరి పేరు గొప్ప ఊరు దిబ్బ ఎవరు?

పేర్లు చెప్పి తన్నులు తినే ఓపిక లేదు గానీ ఎలా పట్టుకోవాలో చెబుతా. ఒక్క మంచి సీజన్ పాతికేళ్లుగా చెప్పుకుంటున్నవాడు, ప్రతి క్లబ్‌లోనూ ప్లేయర్లదే తప్పన్నవాడు, ఓడితే బడ్జెట్ గెలిస్తే నా ఫిలాసఫీ అనేవాడు. మీకు ఇప్పటికే ఇద్దరు ముగ్గురు గుర్తొచ్చి ఉంటారు.

మా క్లబ్‌కి కొత్త మేనేజర్ వస్తున్నాడు. ఎప్పటికి తేల్చొచ్చు?

మొదటి పది మ్యాచ్‌లు వదిలేయండి, పైన చెప్పిన మామూలుకి రావడమే అందులో ఎక్కువ. తర్వాత ఒక ప్రీ సీజన్ అయ్యాక చూడండి, ఎందుకంటే వారానికి రెండు మ్యాచ్‌లుంటే కొత్తగా నేర్పడానికి ట్రైనింగ్ రోజులే దొరకవు. అప్పుడు కూడా టేబుల్ కన్నా ముందు నేను చూసేది ఒకటే, పాత ప్లేయర్లలో ఎవడైనా అంతకుముందు కన్నా మెరుగయ్యాడా అని. కొత్తగా కొన్నవాడు బాగా ఆడితే అది చెక్‌బుక్. ఉన్నవాడు బాగుపడితే అది మేనేజర్. జాబి అలొన్సో 2022 అక్టోబర్‌లో లెవర్‌కూసెన్‌కి వచ్చినప్పుడు ఆ టీమ్ కింద నుంచి రెండోది, ఏడాదిన్నరకి ఒక్క మ్యాచ్ ఓడకుండా బుండెస్‌లీగా (జర్మనీ లీగ్) గెలిచింది, వరసగా 11 ఏళ్లు గెలిచిన బయర్న్‌ని ఆపేసింది. జాకా, గ్రిమాల్డో లాంటివాళ్లని కొన్నారు, నిజమే, కానీ విర్ట్జ్, ఫ్రింపాంగ్, టా, వీళ్లంతా ఆయన వచ్చేసరికే అక్కడున్నవాళ్లు.